చూడని పువ్వు రంగు

లైలాకును చూశాను. పోయిన ఏప్రిల్‌లో, కాశ్మీరులో, ఒక తోట మూలన, నా రెండు కళ్లతో చూశాను. రిటైరైన టీచర్లం ఇరవై మందిమి జట్టుగా వెళ్లిన యాత్ర అది. అందరూ మంచుకొండలు చూశారు, సరస్సు చూశారు. నాకు మాత్రం తోటమాలి "లైలాక్" అని వేలు పెట్టి చూపించిన పొద తప్ప ఇంకేమీ గుర్తు లేదు. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషిని, మోకాళ్ల నొప్పుల మనిషిని, ఆ తడిగడ్డిలో పరుగులాంటిది తీశానని నా తోటివాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. నేను చూశానని ఉన్నపళంగా వెళ్లి చెప్పాల్సిన మనిషి ఒక్కతే ఉండేది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. చెప్పుకునే చోటు లేక ఇలా కాగితం మీద పెడుతున్నాను.

ఆమె నూలుకు రంగులు వేసేది. ఒంటిమిట్టకు దగ్గర్లో ఒక మగ్గాల ఊరు. కర్నూలు కొత్త రాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజుల్లో ఆ ఊరి ఆడపిల్లల బడికి నేను టీచరుగా వెళ్లాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. ఆమె ఇంటి ముందుగది అద్దెకు తీసుకున్నాను. నేను ఆమెను పెద్దమ్మా అనేదాన్ని, ఆమె నన్ను టీచరమ్మా అనేది. మొగుడు చేసిన పనిని మొగుడు పోయాక వదలకుండా పట్టుకున్న మనిషి. పెరట్లో మూడు పొయ్యిలు, మూడు రాగికాగులు, ఒక కొట్టం నిండా దండేల మీద చిలపలుగా చుట్టి వేలాడే నూలు. ఊళ్లో మగ్గాలన్నిటికీ నూలు ఆమె కాగుల్లో మునిగే వెళ్లేది.

ఆమె చేతులు మోచేతుల దాకా ఏ రోజుకారోజు ఒక రంగులో ఉండేవి. నేను బడి నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఆ చేతులు చూస్తే చాలు, ఆ పూట ఏ చీరల నూలు ఉడికిందో తెలిసిపోయేది. తెల్లచీర కట్టుకునేది గాని, కొంగు తెల్లగా ఉండగా నేనెన్నడూ చూడలేదు. ఒక రంగు మనసుకు నచ్చినట్టు కుదిరిందంటే వేలు ముంచి కొంగు మీద చుక్క పెట్టుకునేది. అన్నం తిన్నాక తీరిగ్గా గోడకు ఆనుకుని కొంగు ఒళ్లో పరుచుకుని, ఒక్కో చుక్క మీద వేలు పెట్టి నాకు చూపించేది. "ఇది జమ్మలమడుగు పెండ్లికూతురిది. ఇది మా చెల్లెలు కూతురి సీమంతం. ఇది పాడైపోయిన రంగు, కానీ ఎంత బాగుండాదో చూడు."

నాకు ఓపిక తక్కువ. కాగులోంచి చిలప పైకి లేచిందో లేదో, "అబ్బ, ఎంత బాగుంది పెద్దమ్మా" అనేసేదాన్ని. ఆమె కర్రతో నన్ను పక్కకు నెట్టేది.

"తడి మీద చూడకమ్మా. తడి మీద అన్నీ బాగుంటాయి. ఆరనీ."

ఆరేదాకా ఆ చిలప గురించి మంచీ చెడ్డా ఒక్క మాట మాట్లాడేది కాదు. ఎండలో కాదు, నీడన ఆరాలి. ఆరిన తర్వాత వాకిట్లోకి తెచ్చి, మెడ పక్కకు వాల్చి, ఒక కన్ను మూసి చూసేది. చాలకపోతే "ఇంకొక మునక" అని మళ్లీ కాగులోకి. ఆ మూసిన కన్ను తెరిచేలోగా ఊపిరి బిగపట్టుకుని నిలబడటం నాకు అలవాటైపోయింది.

ఇంకొక పట్టింపు ఉండేది ఆమెకు. ఊళ్లో ఎంతమంది తిట్టుకున్నా మార్చుకోలేదు. రంగుకు పేరు ఏ వస్తువుదైతే ఆ వస్తువును తను కళ్లారా చూసి ఉండాలి. చూడని దాని రంగు నూలుకు పెట్టదు. గుమ్మడిపువ్వు, చింతచిగురు, ఉల్లిపొర, పావురాయి మెడ, ఇవన్నీ వేసేది. ఒకసారి ప్రొద్దుటూరు షావుకారు ఒకాయన సముద్రం రంగు కావాలన్నాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ, "నేను సముద్రం చూల్లేదప్పా. మా చెరువు నిండినప్పటి రంగు కావల్లంటే వేస్తా. అదన్నా ఏడేండ్లకొకసారి నిండుతాది, బాగా గుర్తు పెట్టుకోని ఉండా" అంది. ఆయన నవ్వుకుంటూ పోయి, పదిరోజులకు తిరిగొచ్చి చెరువు రంగే తీసుకుపోయాడు.

చేనేత సంఘానికి ప్రెసిడెంటు ఆమె మరిదే. మంచి నేతగాడు, మంచివాడు కూడా, కాకపోతే తొందర మనిషి. మద్రాసులో మిల్లువాళ్లు రంగు వేసిన నూలే అమ్ముతున్నారని, అది తెస్తే పొయ్యిలు, కట్టెలు, ఆరబెట్టడాలు ఏమీ ఉండవని అతను ఏడాదిగా చెబుతున్నాడు. ఆమె ఒకే మాట అనేది. "ఆ నూలుకు రంగేసినోడు ఏం చూసి ఏసినాడో నీకు తెల్సా?"

ఒక మాఘమాసం పొద్దున అతను ఒక ఉత్తరం పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. కర్నూల్లో సంఘం పెట్టిన చీరల అంగడికి ఒక పెద్ద ఆఫీసరు భార్య వచ్చిందట. మన నేత నచ్చిందట. కూతురి పెళ్లికి పద్నాలుగు చీరలు కావాలట. ముందు ఒకటి నేసి చూపించమంది. ఆ ఒక్కటి లైలాక్ రంగులో ఉండాలని ఉత్తరంలో రాసింది. ముక్క గుడ్డ గాని, బొమ్మ గాని ఏమీ పంపలేదు. పేరొక్కటే.

"వదినా, ఉన్నమాట చెప్తాండా," అన్నాడతను. "ఈ చీర ఉగాది లోపల ఆయమ్మకు నచ్చల్ల. నచ్చిందా, నీ కాగులు నీయి, నేను మళ్లా నోరెత్తను. నచ్చలేదా, ఉగాది నుంచి మద్రాసు నూలే. సంఘంలో అందురూ ఒప్పుకున్నారు."

ఆమె కర్ర కాగు అంచున పెట్టి నా వైపు తిరిగింది. "లైలాకు అంటే ఏంది టీచరమ్మా?"

ఏదో పువ్వని తెలుసు. అంతకుమించి తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. బడికి పరిగెత్తి పెద్ద ఇంగ్లీషు నిఘంటువు మోసుకొచ్చాను. చలిదేశాల్లో పెరిగే పొద, లేత ఊదారంగు పూలు, మంచి వాసన, అంతే ఉంది అందులో.

"లేత ఊదా అంటే ఏ మాత్రం లేత?" అంది. "వంకాయపువ్వా, జిల్లేడుపువ్వా, వెంపలిపువ్వా? ఊదాలు నాకే తొమ్మిది వస్తాయి."

నిఘంటువుకు ఒక్క ఊదాయే వచ్చు. మర్నాడు నా తరగతి పిల్లలతో చెప్పాను, ఊదారంగు పువ్వు ఏది దొరికినా తెమ్మని. నా బల్ల మీద జాగా లేకుండా పోసేశారు. ఒడి నిండా కట్టుకుని సాయంత్రం తెచ్చి ఆమె ముందు కుమ్మరించాను. మరిది అక్కడే ఉన్నాడు. అందులోంచి ఒక జిల్లేడుపువ్వు తీసి ఆమెకు చూపించాడు.

"ఇదేసి లైలాకు అని ఇచ్చేయ్ వదినా. ఆయమ్మ యాడ చూడొస్తాది?"

"నేను చూడొద్దా?" అంది ఆమె.

వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. ఆ నూలు ఒక్కటీ తెల్లగా దండెం మీద అలాగే ఉంది. మరిది రోజుకొకసారి వచ్చి తొంగి చూసి పోయేవాడు. నాకేమో నిద్ర పట్టేది కాదు. పొయ్యిలు ఆరిపోతే ఆ పెరడు ఎలా ఉంటుందోనని తలుచుకుంటూ పడుకునేదాన్ని. చివరికి కర్నూల్లో నాకు చెట్లూ చేమల పాఠం చెప్పిన లెక్చరరమ్మకు ఉత్తరం రాశాను. ఆవిడ జవాబు వచ్చిన రోజు బడి ఎగ్గొట్టి ఇంటికొచ్చాను. జీవితంలో బడి ఎగ్గొట్టింది ఆ ఒక్క పూటే, అదీ టీచరునై ఉండి.

అసలు లైలాకు మన ఎండలకు బతకదని రాసింది ఆవిడ. కానీ దొరలు ఈ దేశం వచ్చాక, తమ ఊరి పువ్వు గుర్తొచ్చి, ఒక చెట్టుకు పర్షియా లైలాక్ అని పేరు పెట్టుకున్నారట. అది మన తురకవేప. కడపలో ఆఫీసర్లు దిగే బంగళా ఆవరణలో ఒకటి ఉందని, ఇప్పుడే పూతకొస్తుందని కూడా రాసింది.

పెద్దమ్మ ఉత్తరాన్ని తన ఊదా చేత్తో తీసుకుని, చదువు రాకపోయినా రెండు వైపులా తిప్పి చూసింది. "పొద్దున మొదటి బస్సుకు పోదాం," అంది.

ఆ బస్సు ప్రయాణంలో మేమెందుకు పోతున్నామో ఆమె డ్రైవరుకు చెప్పింది, కండక్టరుకు చెప్పింది, కోళ్లగంపతో ఎక్కిన ముసలాయనకూ చెప్పింది. దిగేటప్పటికి బస్సులో సగం మంది మాకు దారి చెబుతున్నారు. బంగళా గేటు దగ్గర కాపలా సాయిబు అడ్డం నిలబడ్డాడు.

"ఏం పనమ్మా?"

"చెట్టును చూడల్ల."

"చెట్టును చూసేదానికి ఎవురూ రారే. దొరలు కూడా బంగళా చూసేదానికే వస్తారు."

ఆమె అతనికీ మొదటి నుంచి మొత్తం చెప్పింది, చీర, మరిది, కాగులు, ఉగాది. ఆయన విని గేటు తీశాడు. "మీరు తురకవేప అంటారు, మేము బకాయన్ అంటాము. దానికి ఇంకొక పేరు ఉండేది నాకు ఇప్పుడే తెల్సింది," అంటూ తనే ముందు నడిచాడు.

చెట్టు నిండుగా పూసి ఉంది. ఆకు కనపడకుండా గుత్తులు, కింద నేల మీద రాలిన పువ్వు. వాసనకు నాకు తల తిరిగినట్టయింది. "ఇదే, ఇదే పెద్దమ్మా, వేసెయ్" అని నేను గంతులు వేస్తున్నాను. ఆమె నన్ను పట్టించుకోకుండా పోయి చెట్టుకు ఎదురుగా నేల మీద చతికిలబడింది. పొద్దున తొమ్మిదింటికి కూర్చున్న మనిషి మూడు దాకా లేవలేదు. ఎండ మారినప్పుడల్లా మెడ పక్కకు వాల్చి ఒక కన్ను మూసి చూసింది. దూరం పోయి చూసింది. దగ్గరికొచ్చి చూసింది. సాయిబు మజ్జిగ తెచ్చిస్తే చెట్టు మీది చూపు తిప్పకుండా తాగింది.

మూడింటికి నన్ను పిలిచింది. "టీచరమ్మా, ఆడ నిలబడి చూడు. ఎన్ని రంగులు?"

"ఒకటే."

"ఇప్పుడు ముక్కు ఆనించి చూడు."

చూశాను. రేకులు దాదాపు తెలుపే, ఊదా ఉందా లేదా అన్నంత లేత. నడుమ నిలబడ్డ చిన్న గొట్టం మాత్రం నేరేడుపండంత ముదురు. రెండూ కలిసే దూరానికి ఆ లేత ఊదా అవుతున్నాయి.

"అందుకే నాకు ఇన్ని దినాలు చిక్కలేదు," అంది. ముఖమంతా వెలిగిపోతోంది. "ఒక కాగులో వచ్చేది కాదు ఇది. పడుగు లేతది, పేక ముదురుది. రెండూ మగ్గం మీద కలవల్ల."

అంటే నిలువు దారం ఒక రంగు, అడ్డదారం ఒక రంగు. గుడ్డ కదిలితే రంగు కదులుతుంది. సాయిబు ఒక గుత్తి కోసి తడిగుడ్డలో చుట్టి ఇచ్చాడు. ఊరు చేరేసరికి అది నల్లబడి వాడిపోయింది. నేను ఏడుపుముఖం పెట్టాను. ఆమె ఆ గుత్తిని పెరటి గోడవతల పారేసి, "నేను చూసినా కదా" అని పొయ్యి రాజేసింది.

పడుగు నూలుకు రెండు మునకలే. పేక నూలుకు మాత్రం ఆరు. ఐదో మునకకు నేను చాలన్నాను, ఆమె ఆరనిచ్చి కన్ను మూసి, ఇంకొకటన్నది. చీరను మరిదే నేశాడు, ఎవరి చేతికీ ఇవ్వకుండా. మగ్గం గుంతలో దిగేటప్పుడు గొణుగుతూనే దిగాడు.

"ఆయమ్మ ఒక రంగు అడిగితే నువ్వు రెండు ఏస్తివి. నీ మాట నీదే గదా."

జానెడు నేశాక అతని గొణుగుడు ఆగింది. వెళ్లి చూస్తే మగ్గం ఆపి, నేసిన గుడ్డను చేత్తో అటూ ఇటూ వంచి చూసుకుంటున్నాడు. నన్ను చూసి, "వదినను పిల్చు" అన్నాడు మెల్లగా.

ఉగాదికి నాలుగు రోజుల ముందు ముగ్గురం కర్నూలు వెళ్లాం. నన్ను ఇంగ్లీషుకు తోడుగా తీసుకుపోయారు. రాజధాని కదా, ఎక్కడ చూసినా గుడారాల్లో ఆఫీసులు, దుమ్ము, జీపులు. ఆ ఇంటి వరండాలో మమ్మల్ని కూర్చోబెట్టారు. ఆవిడ వచ్చి మడత విప్పింది. విప్పిన చీరను ఒళ్లో పెట్టుకుని వేలితో నేత మీద రాసి చూసింది.

"లైలాక్ అంటే ఇలా ఉంటుందా?" అంది.

"అచ్చం ఇట్లనే ఉంటాదమ్మా," అన్నాడు మరిది, ఊపిరి తీసుకోకుండా.

ఆవిడ అతన్ని వదిలి పెద్దమ్మను చూసింది. "రంగు వేసింది మీరేనా? మీరు లైలాక్‌ను చూశారా?"

ఊళ్లో అందరినీ ఆమె అడిగే ప్రశ్నే అది. ఇప్పుడు ఆమెకే వచ్చింది. చూశానని అనేస్తే సరిపోతుంది. పద్నాలుగు చీరలు, మూడు కాగులు, అన్నీ ఆ ఒక్క మాట మీద ఉన్నాయి. మరిది తల వంచుకుని ఆ మాట కోసమే నేలను చూస్తున్నాడు.

"లేదమ్మా," అంది ఆమె. "అసలుది నేను చూల్లేదు. మన ఎండకు అది బతకదంట. దాని పేరు పెట్టుకున్న మాను ఒకటి కడపలో ఉండాది. దాన్ని పొద్దున నుంచి పొద్దు వాలిందాకా చూసినా. ఈ రంగు దానిది. లైలాకు అని నేను చెప్పను. చెప్తే అపద్ధం."

మరిది కళ్లు మూసుకున్నాడు. నేను ఏదో సర్దిచెప్పబోయాను. అంతలో ఆమే ఆవిడను అడిగింది, మామూలుగా, ఊళ్లో ఎవరినైనా అడిగినట్టు.

"మీరు చూసినారా అమ్మా?"

ఆవిడ ముఖం ఎర్రబడింది. తర్వాత నవ్వింది, చిన్నపిల్ల నవ్వినట్టు. "నేనూ చూడలేదండీ. మద్రాసులో నేను చదివేటప్పుడు మాకు పాఠం చెప్పే దొరసాని ఒకామె తన గౌను రంగు పేరు చెప్పింది, లైలాక్ అని. ఆ గౌను రంగు ఎప్పుడో మరిచిపోయాను. పేరొక్కటే నోట్లో ఉండిపోయింది. మా అమ్మాయి పెళ్లికి కట్టుకుందామని ముచ్చటపడ్డాను."

వరండాలో నలుగురం ఉన్నాం. ఆ పువ్వును చూసిన వాళ్లు ఒక్కరూ లేరు. ఒక మాట పట్టుకుని ఇంత దూరం వచ్చామన్నమాట. ముందు ఎవరు నవ్వడం మొదలుపెట్టారో తెలియదు గాని, మరిది కూడా ఆగలేకపోయాడు. ఆవిడ చీరను భుజం మీద వేసుకుని మెట్లు దిగి ఎండలోకి నడిచింది. ఒక్కో అడుగుకూ రంగు కదిలింది, లేతకూ ముదురుకూ మధ్య. ఆవిడ తన భుజాన్ని తనే మెడ తిప్పి తిప్పి చూసుకుంది.

"మిగతా చీరలు కూడా ఈమే రంగు వేయాలి," అంది మరిదితో. "ఏ రంగులో తర్వాత చెబుతాను. ఆమె చూసినవే అడుగుతాను."

తిరుగు బస్సులో నంద్యాల దాటాక మరిది అన్నాడు, "వదినా, నీ నోటికి ఒక నమస్కారం." కాగుల సంగతి మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. ఆమె బతికున్నన్నాళ్లూ ఆ పొయ్యిలు ఆరలేదు.

రెండేళ్లకు నాకు బదిలీ అయింది. బండి ఎక్కేముందు ఆమె ఒక గుడ్డముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ చీర కోసిన తర్వాత మగ్గం మీద మిగిలిన కొస, నాలుగు వేళ్ల వెడల్పు. నాకు దుఃఖం ఆగలేదు, పట్టుకుని ఏడ్చాను. ఆమె తన పచ్చటి చేత్తో నా చెంప తుడిచింది. ఆ పూట చింతచిగురు రంగు.

"నువ్వు చదువుకున్నదానివి, దేశాలు తిరుగుతావు. అది యాడన్నా అగపడితే ఇది పక్కన పెట్టి చూడు. చూసి నాకు చెప్పు. తడి మీద మాత్రం చూడగాకు."

నేను కడప, కర్నూలు జిల్లాలు దాటకుండానే రిటైరయ్యాను. ఆమె పోయిందన్న కార్డు కల్లూరులో ఉండగా అందింది. ఆ గుడ్డముక్క మాత్రం ట్రంకుపెట్టె అడుగున ఎండ తగలకుండా ఉంది. ఏ ఊరు వెళ్లినా పర్సులో పెట్టుకుని వెళ్లేదాన్ని.

కాశ్మీరులో ఆ పొద దగ్గరికి చేరేసరికి రాత్రి వానకు గుత్తులన్నీ తడిసి ఉన్నాయి. ఎంత బాగున్నాయో చెప్పలేను. గుడ్డ తీయబోయి ఆగిపోయాను. బస్సు హారను కొడుతోంది, మా జట్టువాళ్లు పేరు పెట్టి పిలుస్తున్నారు. నేను కదలలేదు. ఒక గుత్తిని నీడన పెట్టి కొంగుతో విసురుతూ కూర్చున్నాను. తోటమాలి నాకు మతి చలించిందనుకున్నాడు. అరగంటకు ఆరింది. అప్పుడు గుడ్డ తీసి పక్కన పెట్టి, మెడ వాల్చి, ఒక కన్ను మూసి చూశాను.

బస్సు ఎక్కగానే అందరూ అడిగారు, "ఎలా ఉందేమిటి మీ లైలాకు?"

"బాగానే ఉంది," అన్నాను. "ఇంకొక్క మునక వేసుంటే సరిపోయేది."